బోర్డు ఆటలు: సుంకం ఎంత, కలప ఎక్కడిది?

భిలాయి ఉక్కు నగరంలోని సెక్టర్ 4 వంటి వాడల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సుంకం అనే మాట కొత్తది కాదు. 2025 ఏప్రిల్ 21న కేంద్ర ప్రభుత్వం కొన్ని రకాల ఉక్కు దిగుమతులపై 200 రోజులపాటు 12 శాతం తాత్కాలిక రక్షణ సుంకం విధించింది. అదే ఏడాది జూన్ 4న అమెరికా ఉక్కు దిగుమతులపై సుంకాన్ని 25 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. ఉక్కు కర్మాగారాలున్న ఊళ్లకు ఇవి దూరపు వార్తలు కావు. అయితే ఆ ఏడాది సుంకాల వివాదం ఉక్కుతో ఏ పోలికా లేని మరో సరుకును కూడా కుదిపివేసింది. అది ఇంట్లో నలుగురూ చుట్టూ కూర్చుని ఆడుకునే బోర్డు ఆటల సరుకు.

చదరంగం, క్యారమ్స్, లూడో, వైకుంఠపాళి, అష్టాచెమ్మా, వామనగుంటలు, పులి-మేక వంటివన్నీ ఈ కోవలోకి వస్తాయి. వీటిలో కొన్నింటికి నేల మీద గీసిన గళ్లు, నాలుగు గవ్వలు, గుప్పెడు చింతపిక్కలు చాలు. కొన్నింటికి కలప, రంగు, లక్క, అట్ట, అచ్చు, ప్లాస్టిక్ కావాలి. సరుకుగా మారి సరిహద్దు దాటిన ప్రతి ఆటకూ రెండు రకాల ప్రశ్నలు ఎదురవుతాయి. దీనిపై ఎంత సుంకం చెల్లించాలన్నది మొదటిది. దీనిలోని ముడిసరుకు ఎక్కడి నుంచి, ఏ విధంగా, ఎవరి శ్రమతో వచ్చిందన్నది రెండవది. ఈ రెండింటికీ సమాధానాలు వేర్వేరు. సుంకం సరుకు ఏ దేశంలో తయారైందని అడుగుతుంది. ఏ చెట్టును నరికి, ఏ రంగు పూసి, ఎవరికి ఎంత కూలి ఇచ్చి తయారుచేశారని అడగదు. తెలుగు నేలపై ఆటవస్తువులు, బొమ్మలు చేసే గ్రామాల భవిష్యత్తు ఈ రెండవ ప్రశ్నతోనే ఎక్కువగా ముడిపడి ఉంది.

బొమ్మ వేరు, ఆట వేరు

అంతర్జాతీయ వాణిజ్యంలో ప్రతి సరుకుకూ ఒక సంఖ్య ఉంటుంది. ప్రపంచ దేశాలు ఉమ్మడిగా అనుసరించే సరుకుల వర్గీకరణలో 95వ అధ్యాయం ఆటవస్తువులది. అందులో 9503 శీర్షిక కింద బొమ్మలు, పిల్లల మూడు చక్రాల బండ్లు, అన్ని రకాల పజిళ్లు వస్తాయి. 9504 శీర్షిక కింద బల్లపై ఆడే ఆటలు, పేకముక్కలు, వీడియో గేమ్ యంత్రాలు వస్తాయి. కాబట్టి ఒకే అంగడిలో పక్కపక్కనే ఉన్న కొయ్య ఏనుగు, చదరంగం పెట్టె సుంకాల అధికారి దృష్టిలో రెండు వేర్వేరు సరుకులు. ముక్కలు కూర్చి బొమ్మ చేసే పజిల్ బొమ్మల వర్గంలోకి, లూడో పటం ఆటల వర్గంలోకి వెళతాయి.

సుంకాన్ని దిగుమతిదారు తన దేశ ప్రభుత్వానికి చెల్లిస్తాడు. ఎగుమతి చేసిన దేశం చెల్లించదు. ఆ భారాన్ని దిగుమతిదారు కొంత తాను భరించవచ్చు, కొంత ధర పెంచి కొనుగోలుదారుపై వేయవచ్చు, లేదా ధర తగ్గించమని తయారీదారును ఒత్తిడి చేయవచ్చు. తయారీదారు పెద్ద కర్మాగారమైతే బేరమాడగలడు. నలుగురు మనుషుల కుటుంబమైతే ఆ తగ్గింపు నేరుగా వారి కూలిలోంచి పోతుంది. సుంకానికీ శ్రమకు దక్కే ప్రతిఫలానికీ ఉన్న మొదటి ముడి ఇదే.

భారత్ కట్టిన గోడ

చవక దిగుమతుల నుంచి దేశీయ బొమ్మల పరిశ్రమను కాపాడేందుకు 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో బొమ్మలపై మూల కస్టమ్స్ సుంకాన్ని 20 శాతం నుంచి 60 శాతానికి పెంచారు. 2023 బడ్జెట్‌లో అది 70 శాతానికి చేరింది. 2020 నాటి పెంపు 9503 శీర్షిక కింది బొమ్మలను, పజిళ్లను ఉద్దేశించినది.

సుంకంతో పాటు నాణ్యత నియంత్రణ కూడా వచ్చింది. 2020లో జారీ అయిన బొమ్మల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లల ఆటకు ఉద్దేశించిన వస్తువులపై భారత ప్రమాణాల సంస్థ ముద్ర తప్పనిసరి. దేశంలో తయారైనా, విదేశం నుంచి వచ్చినా ఇదే నియమం. ఈ నియమం యథాతథంగా అమలైతే ప్రయోగశాల పరీక్షల ఖర్చును గ్రామీణ కళాకారులు భరించలేరు. అందుకే హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మే వస్తువులకు, భౌగోళిక గుర్తింపు పొందిన ఉత్పత్తుల అధీకృత వినియోగదారులకు మినహాయింపు ఇచ్చారు. ఏటికొప్పాక, కొండపల్లి, నిర్మల్ కళాకారులకు ఈ మినహాయింపు ఎంతో ముఖ్యమైనది.

ఫలితం అంకెల్లో కనిపించింది. కేంద్ర ప్రభుత్వం వెల్లడించిన వివరాల ప్రకారం 2014-15తో పోలిస్తే 2022-23 నాటికి బొమ్మల దిగుమతులు 52 శాతం తగ్గాయి, ఎగుమతులు 239 శాతం పెరిగాయి. దేశీయ పన్ను కూడా తగ్గింది. 2025 సెప్టెంబరు 22 నుంచి చదరంగం బల్లలు, క్యారమ్ బోర్డులు, లూడో వంటి బోర్డు ఆటలపై వస్తు సేవల పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది.

ఇవన్నీ పరిశ్రమకు మేలు చేసిన చర్యలే. అయినా పెరిగిన ఎగుమతుల్లో యంత్రాలపై తయారైన ప్లాస్టిక్ బొమ్మ, చేతితో చేసిన కొయ్య బొమ్మ ఒకే అంకెలో కలిసిపోతాయి. గోడ దేశంలోని అందరినీ సమానంగా కాపాడుతుంది. లోపల ఎవరు నిలబడతారన్నది ముడిసరుకు, పెట్టుబడి, మార్కెట్ ఎవరికి అందుబాటులో ఉన్నాయన్న దానిపై ఆధారపడుతుంది.

2025లో అమెరికా మార్కెట్

అమెరికాలో 2025కు ముందు బొమ్మలపై, బోర్డు ఆటలపై సాధారణ దిగుమతి సుంకం సున్నా. ఆ దేశపు బోర్డు ఆటల ప్రచురణ సంస్థలు ఆటను రూపొందించే పని తమ దేశంలో చేసుకుని, అచ్చు, పెట్టెలు, పావులు, పాచికల తయారీని ఎక్కువగా చైనా కర్మాగారాలకు అప్పగిస్తూ వచ్చాయి. 2025 ఏప్రిల్‌లో చైనా సరుకులపై అమెరికా అదనపు సుంకం 145 శాతానికి చేరింది. అంటే 10 డాలర్లకు తయారైన ఆట పెట్టెపై 14 డాలర్ల 50 సెంట్ల సుంకం. తయారీ ఖర్చు కంటే సుంకమే ఎక్కువ. మే 14 నుంచి ఆ రేటు 30 శాతానికి తగ్గినా, మధ్యలోని ఐదు వారాల్లో ఓడలెక్కాల్సిన సరుకు రేవుల్లో, గోదాముల్లో ఆగిపోయింది.

పక్షులను ఇతివృత్తంగా చేసుకున్న 'వింగ్‌స్పాన్' ఆటతో ప్రపంచ ప్రసిద్ధి పొందిన స్టోన్‌మేయర్ గేమ్స్ మరికొన్ని సంస్థలతో కలిసి ఈ సుంకాలను న్యాయస్థానంలో సవాలు చేసింది. 'స్పిరిట్ ఐలండ్' ప్రచురణకర్త గ్రేటర్ దాన్ గేమ్స్ కార్యకలాపాలను నిలిపివేసింది. ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన విద్యాసంబంధ ఆటవస్తువుల సంస్థ లెర్నింగ్ రిసోర్సెస్ వేసిన వ్యాజ్యం అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. 2025 నవంబరు 5న దానిపై వాదనలు జరిగాయి. దేశాధ్యక్షుని సుంకాల అధికారంపై సాగిన అంత పెద్ద రాజ్యాంగ వివాదంలో ముందు నిలిచినది పిల్లల ఆటవస్తువులు అమ్మే సంస్థ కావడం గమనించదగినది.

భారతీయ సరుకులపై అమెరికా 2025 ఆగస్టు 7 నుంచి 25 శాతం, ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం అదనపు సుంకం విధించింది. హస్తకళల ఎగుమతిదారులకు ఇది పెద్ద దెబ్బ. అంతకంటే నిశ్శబ్దంగా వచ్చిన మరో మార్పు చిన్న తయారీదారులను నేరుగా తాకింది. అంతవరకు 800 డాలర్ల లోపు విలువైన పార్సిళ్లు సుంకం లేకుండా అమెరికాలో ప్రవేశించేవి. ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ ఆ వెసులుబాటు రద్దయింది. సుంకం వసూలు చేసే విధానంపై స్పష్టత లేకపోవడంతో భారత తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అమెరికాకు పార్సిళ్ల బట్వాడాను తాత్కాలికంగా నిలిపివేసింది. సేవలు అక్టోబరు 15న తిరిగి మొదలయ్యాయి.

ఆ ఏడాది విజయదశమి అక్టోబరు 2న వచ్చింది. అమెరికాలోని తెలుగు కుటుంబాలు దసరాకు బొమ్మల కొలువు తీర్చే రోజులు సరిగ్గా తపాలా ఆగిన కాలంలో గడిచిపోయాయి. కంటెయినర్లలో సరుకు పంపే పెద్ద ఎగుమతిదారుకు సుంకం అంటే లెక్కల సమస్య. పది లక్క బొమ్మలు, ఒక అష్టాచెమ్మా బల్ల పార్సిల్ కట్టి పంపే చిన్న అమ్మకందారుకు దారే మూసుకుపోవడం.

దంతపు పావుల నుంచి నేర్చినది

ముడిసరుకు జాడ గురించిన ప్రశ్న తెలుగు నేలకు కొత్తది కాదు. 18, 19 శతాబ్దాలలో విశాఖపట్నం నుంచి ఇంగ్లండుకు వెళ్లిన వస్తువుల్లో ఏనుగు దంతం తాపిన పెట్టెలు, కుర్చీలు, మడత పెట్టే చదరంగం బల్లలు ప్రసిద్ధమైనవి. కలపపై పలుచని దంతపు రేకులు అతికించి, వాటిపై లతలు, భవనాలు చెక్కి, ఆ గీతల్లో నల్లని లక్క నింపేవారు. నాడు వాటిని కొన్నవారు పనితనాన్ని మెచ్చుకున్నారు. దంతం ఎక్కడిదన్న ప్రశ్న బేరంలో లేదు.

ఆ ప్రశ్న రావడానికి ఏనుగుల సంఖ్య పడిపోవలసి వచ్చింది. అంతరించే ప్రమాదమున్న జంతువులు, మొక్కల వాణిజ్యాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం 1975లో అమలులోకి వచ్చి, ఆసియా ఏనుగును అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో చేర్చింది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణతో భారతీయ దంతం వాణిజ్యాన్ని, 1991 సవరణతో దిగుమతి చేసుకున్న ఆఫ్రికా దంతం వాణిజ్యాన్ని దేశం నిషేధించింది. ఈ నిషేధం న్యాయమైనదే. అయితే ముడిసరుకు తరిగిపోయేదాకా దాని గురించి ఆలోచించకపోతే, చివరికి వచ్చే చట్టం వస్తువుతో పాటు వృత్తిని కూడా ముగిస్తుంది.

కలప విషయంలో ఇదే చరిత్ర నేడు నడుస్తున్నది. చదరంగం పావులకు విరివిగా వాడే శీషం, ఇరుగుడు వంటి డాల్బర్జియా జాతి చెట్లన్నింటినీ 2017 జనవరి 2 నుంచి సైట్స్ రెండవ అనుబంధంలో చేర్చారు. ఇరుగుడు వంటి అడవి చెట్లకు ఈ రక్షణ అవసరమే. కానీ ఉత్తర భారతంలో పొలం గట్లపై విరివిగా పెరిగే శీషానికి కూడా అవే పత్రాలు తప్పనిసరి అయ్యాయి. ఏటా సుమారు 1000 కోట్ల రూపాయలుండే శీషం హస్తకళల, ఫర్నిచర్ ఎగుమతులు 500-600 కోట్లకు పడిపోయాయనీ, దాదాపు 50,000 మంది కళాకారులపై ప్రభావం పడిందనీ కేంద్ర ప్రభుత్వం తెలిపింది. 2022 నవంబరులో జరిగిన సైట్స్ సమావేశంలో భారత్ చేసిన ప్రయత్నంతో, ఒక్కో వస్తువులో 10 కిలోల లోపు శీషం కలప ఉంటే ఆ పత్రాలు అక్కరలేదన్న వివరణ లభించింది. చదరంగం పెట్టె ఈ పరిమితిలోనే ఉంటుంది.

రాయలసీమ అడవుల్లోని ఎర్రచందనం సంగతి వేరు. అది ప్రపంచంలో తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే సహజంగా పెరిగే చెట్టు. 1995 నుంచి సైట్స్ రెండవ అనుబంధంలో ఉంది. దాని అక్రమ రవాణా కోసం శేషాచలం అడవుల్లో ప్రాణాలే పోయాయి. ఎర్రని కలపతో చెక్కిన పావులు కొనేవారు అది ఏ చెట్టుదని అడగడం అతి జాగ్రత్త కాదు, కనీస బాధ్యత.

ఏటికొప్పాక: రంగు మార్చుకున్న గ్రామం

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. బొంగరాలు, లక్కపిడతలు, కుంకుమ భరిణెల వంటివి ఈ గ్రామం నుంచి వస్తాయి. మెత్తగా, తేలికగా ఉండే అంకుడు కొయ్యను లేత్ యంత్రంపై తిప్పుతూ ఉలితో రూపం ఇస్తారు. వస్తువు ఇంకా తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కొయ్యకు పట్టుకుంటుంది. బ్రష్షుతో పూసిన రంగులా ఇది పెచ్చులూడదు.

20వ శతాబ్దం రెండవ సగంలో ఈ లక్కలో రసాయన రంగులు చేరాయి. అవి చవక, మెరుపు ఎక్కువ, కలపడం తేలిక. కానీ రసాయన రంగుల్లో సీసం వంటి భార లోహాలు ఉండే ప్రమాదం ఉంది. పసిపిల్లలు చేతికందినదల్లా నోట్లో పెట్టుకుంటారు. సీసం శరీరంలో చేరితే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది, ఆ నష్టం తిరిగి పూడేది కాదు. గ్రామానికి చెందిన సి.వి.రాజు 1990ల తొలినాళ్ల నుంచి కళాకారులతో కలిసి సహజ రంగుల వైపు మళ్లే ప్రయత్నం సాగించారు. పసుపు కొమ్ము నుంచి పసుపుపచ్చ, నీలి మొక్క నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి నారింజ ఛాయలు తీసి లక్కలో నిలిచేలా చేశారు. ఆయనకు 2023లో పద్మశ్రీ పురస్కారం లభించింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలదే.

గ్రామం వేసిన ఈ అడుగు ఎంత ముందుచూపుతో కూడినదో తర్వాత తేలింది. 2007లో చైనాలో తయారైన లక్షలాది బొమ్మలను సీసం రంగుల కారణంగా అమెరికా సంస్థ మాటెల్ వెనక్కు తీసుకోవలసి వచ్చింది. మరుసటి ఏడాది అమెరికా కొత్త భద్రతా చట్టం చేసి రంగుల్లో సీసాన్ని పది లక్షల పాళ్లలో 90కి పరిమితం చేసింది. భారత్ కూడా గృహోపయోగ రంగులకు 2016 నాటి నిబంధనల్లో అదే పరిమితి విధించింది. ఏ సుంకం తగ్గినా, ఏ రాయితీ వచ్చినా సీసం ఉన్న బొమ్మ ఆ గడప దాటలేదు. సహజ రంగులు వాడిన గ్రామానికి ఆ గడప వద్ద భయం లేదు.

లక్క వెనుక అడవి

ఏటికొప్పాక బొమ్మకు మెరుపునిచ్చే లక్క ఒక చిన్న కీటకం స్రవించే జిగురు. కుసుమ, మోదుగ, రేగు చెట్ల కొమ్మలపై ఈ కీటకాలను పెంచి, గట్టిపడిన లక్కను గీకి సేకరిస్తారు. దేశంలో లక్క ఎక్కువగా ఉత్పత్తయ్యే రాష్ట్రాల్లో ఝార్ఖండ్‌తో పాటు ఛత్తీస్‌గఢ్ ముందు వరుసలో ఉంటుంది. ఈ పని చేసేవారిలో అత్యధికులు ఆదివాసీ కుటుంబాలు. చిన్న తరహా అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర ఇచ్చే కేంద్ర పథకంలో లక్క కూడా ఉంది.

భిలాయిలోని తెలుగు ఇంట్లో ఏటికొప్పాక బొమ్మ ఉంటే, దానిలోని కొయ్య ఉత్తరాంధ్రది, దాని మెరుపుకు మూలమైన సరుకు పండేది తాము బతుకుతున్న రాష్ట్రం వంటి అటవీ ప్రాంతాల్లో. లక్క ధర పడిపోతే సేకరించేవారు ఆ పని మాని కూలికి వెళతారు. చెట్టు వంటచెరకుగా మారే ప్రమాదమూ ఉంది. ధర నిలకడగా ఉంటే చెట్టు నిలుస్తుంది, ఎందుకంటే లక్క తీయడానికి చెట్టును కూల్చనక్కరలేదు. న్యాయమైన ముడిసరుకు సేకరణ అంటే చివరి కళాకారునికి ఇచ్చే కూలి మాత్రమే కాదు. అడవిలో కొమ్మ గీకినవారికి దక్కిన ధర కూడా అందులో భాగమే.

కొయ్య కరవు

కలప పరిస్థితి ఇంకా సున్నితమైనది. ఏటికొప్పాకకు అంకుడు, కొండపల్లికి తెల్ల పొనికి ప్రాణాధారం. ఎన్టీఆర్ జిల్లాలోని కొండపల్లి కళాకారులు పొనికి కొయ్యను ఆరబెట్టి, అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. పైన సున్నపు పూత వేసి రంగులు దిద్దుతారు. పొనికి ఎంత తేలికంటే పెద్ద బొమ్మను కూడా చిన్నపిల్లలు ఎత్తగలరు. వేరే కొయ్యతో ఆ రూపం రావచ్చు కానీ ఆ గుణం రాదు.

ఈ రెండు చెట్లూ సమీపంలోని కొండల నుంచి తగినంత దొరకడం లేదని కళాకారులు ఏళ్లుగా చెబుతున్నారు. దూరం నుంచి తెప్పిస్తే రవాణా ఖర్చు పెరుగుతుంది. అనుమతి పత్రాలు లేని కలప కొంటే చట్టపరమైన చిక్కులు వస్తాయి. అమెరికా 2008లో తన లేసీ చట్టాన్ని సవరించి, అక్రమంగా నరికిన కలపతో చేసిన వస్తువుల వ్యాపారాన్ని నేరంగా ప్రకటించింది. అలాంటి మార్కెట్‌కు సరుకు పంపాలంటే చెట్టు శాస్త్రీయ నామం, అది పెరిగిన దేశం చెప్పగలగాలి. అంకుడు చెట్టును కళాకారుడు తన తోటలో లేదా గ్రామ ఉమ్మడి భూమిలో పెంచుకున్నప్పుడు ఆ సమాధానం సులువు. ఎవరో మోపుగా కట్టి తెచ్చి అమ్మినప్పుడు కష్టం.

ధ్రువపత్రం ఖర్చు

ప్రపంచ మార్కెట్లో కలప జాడకు గుర్తుగా అందరికీ తెలిసిన ముద్రల్లో ఒకటి 1993లో ఏర్పడిన ఫారెస్ట్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్‌ది. పెద్ద ప్రచురణ సంస్థలు తమ ఆట పెట్టెల అట్టకు, కాగితానికి ఈ ముద్రను చూపుతున్నాయి. దీనికి అడవి నుంచి కర్మాగారం వరకు ప్రతి దశలో తనిఖీ, రుసుము, రికార్డులు అవసరం. ఏడాదికి లక్షల పెట్టెలు అచ్చువేసే కర్మాగారానికి ఒక్కో పెట్టెపై ఆ ఖర్చు పైసల్లో తేలిపోతుంది. నెలకు కొన్ని వందల వస్తువులు చేసే కుటుంబానికి అదే ఖర్చు మరో సుంకంతో సమానం. ఫలితంగా నిజంగా చెట్టును, మట్టిని ఎరిగి పనిచేసే తయారీదారు దగ్గర కాగితం ఉండదు. కాగితం ఉన్న చోట ఎల్లప్పుడూ న్యాయం ఉంటుందన్న హామీ లేదు.

ఈ అంతరాన్ని పూడ్చే మార్గాలు కొన్ని ఇప్పటికే ఉన్నాయి. భౌగోళిక గుర్తింపు వస్తువు ఏ ప్రాంతపు సంప్రదాయమో చెబుతుంది. అయితే కలప ఎలా వచ్చిందో, కూలి ఎంత ఇచ్చారో అది చెప్పదు. హస్తకళాకారుల గుర్తింపు కార్డు తయారుచేసిన మనిషిని చూపుతుంది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో సంప్రదాయ బొమ్మల తయారీ ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల సాయం, హామీ లేకుండా రెండు విడతల్లో మొత్తం 3 లక్షల రూపాయల వరకు 5 శాతం వడ్డీకి రుణం ఇందులో లభిస్తాయి. సహకార సంఘం ద్వారా కలప కొనుగోలు జరిగితే ఒకే అనుమతి పత్రం పదుల కుటుంబాలకు పనికొస్తుంది.

పిల్లల శ్రమ గురించి కూడా స్పష్టత అవసరం. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం 14 ఏళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టడాన్ని నిషేధించింది. బడి వేళల తర్వాత, సెలవుల్లో కుటుంబ వృత్తిలో సాయపడటానికి మాత్రం, ప్రమాదకరమైన పని కాకపోతే, మినహాయింపు ఇచ్చింది. కళ తరతరాలకు అందడానికి ఈ మినహాయింపు తోడ్పడవచ్చు. బడి మాన్పించి లేత్ ముందు కూర్చోబెట్టడానికి ఇది అనుమతి కాదు.

ఆట ఎవరిది, ఆదాయం ఎవరిది

ఆట వస్తువులకే కాదు, ఆటలకూ జాడ ఉంటుంది. మన పచ్చీసు ఆటను 'పర్చీసీ' పేరుతో అమెరికా సంస్థ సెల్కో అండ్ రైటర్ 1870లలో తన వ్యాపార ముద్రగా మార్చుకుంది. అదే ఆటకు సులభ రూపమైన లూడోకు 1896లో ఇంగ్లండులో పేటెంటు లభించింది. పాపపుణ్యాల ఫలితాలను బోధించే వైకుంఠపాళి అక్కడ పాములు-నిచ్చెనల ఆటగా మారింది. ఆ పెట్టెల అమ్మకాల్లో ఆటను పుట్టించిన నేలకు వాటా లేదు. ఆట నియమాలను నేడు ఎవరూ తిరిగి సొంతం చేసుకోలేరు. కానీ ఆ ఆటను ఏ చేతులతో, ఏ కొయ్యతో చేస్తారన్నది మాత్రం ఇప్పటికీ ఈ నేల చేతిలోనే ఉంది. అష్టాచెమ్మా బల్లలు, వామనగుంటల పలకలు మళ్లీ నగరాల్లో అమ్ముడవుతున్న ఈ కాలంలో ఆ అవకాశం విలువైనది.

కొనేవారు అడగదగినవి

కొనుగోలుదారు చేతిలో చట్టం లేకపోయినా ప్రశ్న ఉంది. ఈ ఆట బల్ల లేదా బొమ్మ ఏ కొయ్యతో చేశారు? రంగు సహజమైనదా, రసాయనమా? రసాయనమైతే పరీక్ష జరిగిందా? పిల్లల వస్తువైతే ప్రమాణాల సంస్థ ముద్ర ఉందా, లేక మినహాయింపు పొందిన హస్తకళా ఉత్పత్తా? తయారుచేసిన ఊరు, సంఘం పేరు చెప్పగలరా? ఈ ధరలో తయారీదారుకు ఎంత ముడుతుంది? వీటన్నింటికీ సమాధానం ఒకే చోట దొరకకపోవచ్చు. కానీ ఊరి పేరే చెప్పలేని అమ్మకందారు వద్ద 'ఏటికొప్పాక' అన్న మాటకు విలువ లేదు. యంత్రంపై చేసి అదే పేరుతో చవకగా అమ్మే నకిలీ సరుకు వల్ల అసలు కళాకారునికి జరిగే నష్టం ఏ విదేశీ సుంకం కంటే తక్కువ కాదు.

సుంకాలు ఇకపై కూడా మారుతూనే ఉంటాయి. 2025లో ఒక దేశపు రేటు ఐదు వారాల్లో 145 శాతం నుంచి 30 శాతానికి దిగడం ప్రపంచం చూసింది. అంకుడు మొక్క అలా ఐదు వారాల్లో కొయ్య కాదు. ఈ ఏడాది నాటకపోతే కొన్నేళ్ల తర్వాత, మార్కెట్లు తెరుచుకుని ఉన్న రోజున, లేత్‌పై పెట్టడానికి కలప ఉండదు. అందుకే బొమ్మల, బోర్డు ఆటల ఎగుమతి ప్రణాళికల్లో సుంకాల చర్చలతో సమానంగా అంకుడు, పొనికి తోటల పెంపకానికి, లక్క సేకరించేవారి ధరకు, సంఘాల ద్వారా కలప సరఫరాకు చోటు దక్కాలి. రాష్ట్ర అటవీ శాఖలు, హస్తకళల సంస్థలు, గ్రామ పంచాయతీలు ఇప్పుడున్న చట్టాల పరిధిలోనే ఈ పని చేపట్టవచ్చు.